యానాదుల పాఠానికి కెమెరా: మాస్టారి ప్రశ్నకు సమాధానం

మాస్టారూ, నమస్కారం. చంద్రగిరి దగ్గరి మల్లయ్యగారిపల్లె రాతి గూళ్ల (రాతిపలకలతో కట్టిన ప్రాచీన సమాధుల) వద్ద పిల్లలు తీసిన ఫొటోలు పాఠానికి పనికిరాలేదనీ, ఆ గూళ్లనూ నేటి యానాది తెగవారినీ కలిపి ఎలా చెప్పాలో తోచడం లేదనీ రాశారు.

మధ్యాహ్నపు ఎండలో రాతిపలకల అంచులు తేలవు. ఉదయపు ఏటవాలు వెలుతురులో, పక్కన కొలబద్ద పెట్టి, ముందు చుట్టుపక్కల నేలతో సహా దూరం నుంచి, తరువాత దగ్గరగా తీయించి, దిక్కూ తేదీ నోటుపుస్తకంలో రాయించండి. పాత కుండ పెంకు కనబడితే నేల నుంచి పైకి తీయనివ్వకండి; ఉన్నచోటు చెదిరితే దాని కథ పోతుంది.

ఇక ఆ గూళ్లనూ యానాదులనూ కలపవద్దని నా గట్టి అభిప్రాయం. ఇనుప యుగపు ఆ సమాధులు కట్టినవారు యానాదుల పూర్వీకులేననడానికి ఆధారం లేదు. పైగా అలా చెబితే, మన మధ్య బతుకుతున్న మనుషులు పిల్లల కళ్లకు పాతకాలపు వస్తువుల్లా కనబడతారు. 1909లో, మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలలో దక్షిణాది కులాలనూ తెగలనూ వర్ణించినప్పుడు మనుషుల ముక్కులూ తలలూ కొలిచిన లెక్కలు కూడా అచ్చయ్యాయి. ఆ చూపు మన పిల్లలకు అంటకూడదు. మీ తరగతిలో యానాదుల బిడ్డలు ఉంటే, వారికి ఇష్టమైతేనే, కెమెరా వారి చేతికే ఇవ్వండి. వరి గట్టున ఎలుక బొరియకు కుండ ఆనించి పొగ ఊదే తాత నేర్పును మనవడే తీసి, వివరం తన మాటల్లో రాయాలి; ఆ ఫొటోను గోడకు పెట్టాలో వద్దో ఆ కుటుంబమే చెప్పాలి.