హోచిమిన్ సిటీలో ఏడున్నర కోట్ల జీతం: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: నా వయసు 38. మియాపూర్‌లో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఔషధ కంపెనీలో నాకు చేతికి నెలకు లక్షా 30 వేలు, ప్రైవేటు బడిలో టీచరైన నా భార్యకు 38 వేలు వస్తాయి. గృహరుణ వాయిదా 42 వేలు, ఇంటి ఖర్చులు పోగా 55 వేలు మిగులుతుంది. పాప ఐదో తరగతి. మా కంపెనీ వియత్నాం శాఖలో మూడేళ్లు పనిచేస్తే నెలకు ఏడున్నర కోట్ల డాంగ్‌లు (వియత్నాం కరెన్సీ) ఇస్తారట. అక్కడ ఇంటి అద్దె నెలకు 2 కోట్లు, అంతర్జాతీయ బడి ఫీజు ఏడాదికి 24 కోట్లు అవుతుందని తెలిసింది. వియత్నాంలో జీవన ప్రమాణాలు మనకన్నా మెరుగని చదివాను. కుటుంబంతో వెళ్లవచ్చా?

జవాబు: మీరు చదివింది నిజమే. ఆదాయం, చదువు, ఆయుర్దాయాలను బట్టి ఐక్యరాజ్యసమితి దేశాలకు ర్యాంకులిచ్చే మానవాభివృద్ధి సూచిలో, 2023 సంవత్సరానికి వియత్నాంది 93వ స్థానం కాగా మనది 130. వాళ్ల తలసరి ఆదాయం మనకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, సగటు ఆయుర్దాయం కూడా రెండేళ్లకు పైగా ఎక్కువ. వివిధ దేశాల విద్యార్థుల సామర్థ్యాన్ని పోల్చే పీసా పరీక్ష 2012లో జరిగినప్పుడు అక్కడి పదిహేనేళ్ల పిల్లలు సైన్సులో జర్మనీ, బ్రిటన్ పిల్లలను దాటి ఎనిమిదో స్థానంలో నిలిచారు. అయితే ఇవన్నీ దేశం మొత్తానికి కట్టిన సగటులు. ఆ పేరుమోసిన ప్రభుత్వ బడుల్లో బోధన వియత్నామీస్ భాషలో సాగుతుంది కాబట్టి, వాటి మంచితనం మీ పాపకు అందదు. మీరు డబ్బు పోసి అంతర్జాతీయ బడినే కొనుక్కోవాలి. అక్కడి ఆడవారిలో మూడింట రెండు వంతుల మంది ఏదో ఒక పని చేస్తున్నారు. మీ భార్యకు మాత్రం మీ మీద ఆధారపడిన వ్యక్తిగా ఇచ్చే వీసాతో ఉద్యోగం చేసే వీలు లేదు, ఆమె పేరున విడిగా వర్క్ పర్మిట్ రావాలి. అంటే నెలకు 38 వేలు వెళ్లకముందే పోయినట్టు లెక్క.

ఇక జీతం సంగతి. కోట్లు అనగానే కంగారు పడనక్కర్లేదు, రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి కనుక మీ ఏడున్నర కోట్లు రెండున్నర లక్షల రూపాయలు. పన్ను, సామాజిక బీమా కోతలు పోగా చేతికి ఆరు కోట్ల పైచిలుకు వస్తుంది. అందులో ఇంటికి రెండు, బడికి నెలసరిన రెండు కోట్లు తీసేస్తే మిగిలేది మన డబ్బులో 75 వేల దరిదాపు. మియాపూర్ ఫ్లాట్‌కు 24 వేల అద్దె వచ్చినా, 42 వేల వాయిదాకు మీరు ఇంకో 18 వేలు పంపాలి. మిగతా 57 వేలలోనే తిండి, రవాణా, ఏడాది పొడవునా తప్పని ఏసీ కరెంటు బిల్లు, ఇంటికి వచ్చిపోయే విమాన ఖర్చులు సర్దుకోవాలి. నెలకు 20 వేలు మిగిలితే గొప్ప; ఇప్పుడు మిగులుతున్నది 55 వేలు.

అందుకే ఇచ్చిన షరతుల మీద వెళ్లవద్దని నా సలహా. జీతం పెంచమని కూడా అడగవద్దు, పెంచిన ప్రతి డాంగ్ మీదా పన్ను పడుతుంది. దాని బదులు పాప ఫీజును కంపెనీయే నేరుగా బడికి చెల్లించేలా ఒప్పందంలో రాయించుకోండి. విదేశీ ఉద్యోగి పిల్లలకు ఇంటర్ స్థాయి వరకు యజమాని కట్టే ఫీజును వియత్నాంలో ఉద్యోగి ఆదాయంగా లెక్కించరు. ఏడాదికోసారి మీరు స్వదేశానికి వచ్చిపోయే టికెట్‌కూ ఇదే మినహాయింపు ఉంది. ఈ ఒక్క మార్పుతో మీ మిగులు ఇప్పటి స్థాయిని దాటుతుంది, అప్పుడు నిశ్చింతగా బయల్దేరవచ్చు.

రెండో షరతు ఒప్పంద స్వరూపానికి సంబంధించినది. అక్కడ కొత్త ఉద్యోగిగా చేరితే జీతంలో 8 శాతం సామాజిక బీమాకు, ఒకటిన్నర శాతం ఆరోగ్య బీమాకు కోస్తారు, దానికొక గరిష్ఠ పరిమితి ఉన్నప్పటికీ. అలాకాక కంపెనీ అంతర్గత బదిలీగా పంపితే సామాజిక బీమా కోత ఉండదు, ఇక్కడి జీతాల పట్టికలో కొనసాగినంత కాలం భవిష్య నిధి జమా ఆగదు.

ప్రయాణం ఖరారైతే సెప్టెంబరు మూడో వారంలోపే బయల్దేరేలా చూసుకోండి. ఆ ఆర్థిక సంవత్సరంలో భారత్‌లో గడిపిన రోజులు 182కు తగ్గితేనే మీరు ప్రవాసి అవుతారు, అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. బ్యాంకులో చెప్పి పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే ఖాతా) మార్పించండి. ఉన్న పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది, పొడిగింపు మాత్రం ఇవ్వరు. ఫ్లాట్‌లో దిగేవారికి ముందే చెప్పండి: ప్రవాసికి చెల్లించే అద్దెలో 31.2 శాతం టీడీఎస్‌గా (చెల్లింపు సమయంలోనే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టడం వారి బాధ్యత, చాలామంది అద్దెదారులకు ఈ సంగతే తెలియదు. ఎక్కువ కోసిన మొత్తం రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీని మాత్రం మూడేళ్లూ ప్రీమియం కడుతూ నిలుపుకోండి, ఎందుకంటే దాన్ని వదిలేసి తిరిగొచ్చాక కొత్తది తీసుకుంటే, పాత జబ్బులకు బీమా వర్తించని నిరీక్షణ కాలం, మూడేళ్ల దాకా, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.