ఇంటర్నల్ మార్కులు తగ్గించారు: దిద్దిన పేపరు చూసే హక్కు ఉందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ చదువుతోంది. ఒక సబ్జెక్టులో ఇంటర్నల్స్‌కు 25కి 8 మార్కులే వేశారు. దిద్దిన పేపరు చూపమంటే వీలుకాదన్నారు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చా?

జవాబు: ఆ దారి మీకు పనికిరాదు. పరీక్షలు జరిపే బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదని, పరీక్ష రాసిన విద్యార్థి వినియోగదారు కాడని సుప్రీంకోర్టు 2009లో బీహార్ స్కూల్ పరీక్షల బోర్డు కేసులో చెప్పింది.

మీరు ముందుగా చేయవలసింది ఆ పేపరును కళ్లారా చూడడం. దిద్దిన జవాబు పత్రం కూడా సమాచార హక్కు చట్టం కింద సమాచారమేనని, రాసిన విద్యార్థి దానిని పరిశీలించి నకలు తీసుకోవచ్చని, దిద్దినవారి పేరు మాత్రం బయటపెట్టనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో తీర్పిచ్చింది. కాలేజీకి ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుతుంటే అక్కడి సమాచార అధికారికే దరఖాస్తు ఇవ్వండి. ఆ నిధులు అందకపోతే, నిబంధనల ప్రకారం కాలేజీ నుంచి తెప్పించుకోగల సమాచారాన్ని ఇవ్వమని ఆ కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద ఉందో దానిని అడగండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తుపై మీరు కాదు, మీ అమ్మాయే సంతకం చేయాలి. జవాబు పత్రాలను నిబంధనల్లో చెప్పిన కాలం వరకే భద్రపరుస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి.

నకలు చేతికి వచ్చాక ప్రతి పేజీ నిదానంగా తిప్పండి. నేను చూసిన ఒక పత్రంలో నాలుగో ప్రశ్నకు లోపలి పేజీలో ఎర్ర సిరాతో వేసిన 6 మార్కులు పైఅట్ట మీది పట్టికలోకి ఎక్కనే లేదు. ఆ పిల్లవాడు తనకు చదువు రాదేమోనని నెలల తరబడి కుమిలిపోయాడు. ఇంటర్నల్స్‌లో అసైన్‌మెంటుకు, సెమినారుకు, హాజరుకు ఎన్నేసి మార్కులో ముందే ప్రకటించారా, తరగతిలో అందరికీ అదే కొలత పెట్టారా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. న్యాయం జరిగిందా లేదా అన్నది తేలేది అక్కడే.

లోపం కనబడితే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం ఏర్పాటైన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. మూల్యాంకనంలో పారదర్శకత లేకపోవడం, అన్యాయంగా వ్యవహరించడం అందులో ఫిర్యాదు కిందికే వస్తాయి. కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో సిఫారసు పంపాలి. దానితో తృప్తి చెందకపోతే 15 రోజుల్లోగా విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. అయితే మార్కులు తక్కువ వచ్చాయి, మళ్లీ దిద్దించండి అంటే ఆయన వినరు. ఫలితాన్ని మార్చేంతటి నిర్దిష్టమైన అవకతవకనో వివక్షనో చూపాలి.

హైకోర్టులో రిట్, అంటే అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయడం చివరి మార్గం. పునర్మూల్యాంకనానికి నిబంధన లేనప్పుడు, ఊహలతో పనిలేకుండా తప్పు స్పష్టంగా కనబడే అరుదైన కేసుల్లోనే కోర్టు జోక్యం చేసుకుంటుందని సుప్రీంకోర్టు 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో చెప్పింది. న్యాయమూర్తి తానే పేపరు దిద్దరు. అందువల్ల అక్కడిదాకా వెళ్లవలసి వస్తే నకలు, కమిటీకి ఇచ్చిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు మీ చేతిలో ఉండాలి.