జియుజిట్సులో పగ మ్యాచ్‌లా? సగం దాయాదుల గొడవలే అవి

జియుజిట్సులో (పట్లు పట్టి, కీళ్లు మెలితిప్పి, మెడ బిగించి ఎదుటోణ్ణి లొంగదీసే కుస్తీ లాంటి ఆట) పేరుమోసిన పగ మ్యాచ్‌లు ఏంటి, వాటిల్లో మరీ వన్ సైడ్ అయిపోయినవి ఏవి అని కదా అడిగారు. నేను హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా నేర్చుకుంటున్నా, ఇంకా బ్లూ బెల్టే, అంటే పెద్ద తోపు ఏం కాదు, కానీ పాత మ్యాచ్‌ల పిచ్చి మాత్రం బాగా ముదిరింది.

నన్నడిగితే ఫస్ట్ ప్లేస్ వాలీద్ ఇస్మాయిల్, రాయిస్ గ్రేసీ మ్యాచ్‌కే. 1998 డిసెంబర్, రియోలో కోపకబానా బీచ్. రాయిస్ అంటే తెలుసు కదా, 1993లో మొట్టమొదటి యూఎఫ్‌సీ (రకరకాల ఫైటింగ్ విద్యల వాళ్లు తలపడే టోర్నీ) గెలిచినోడు, తనకంటే ఎంతో బరువున్నోళ్లని కూడా లొంగదీసినోడు. వాలీద్ ఏమో కార్ల్‌సన్ గ్రేసీ శిష్యుడు. ఈ కార్ల్‌సన్ రాయిస్‌కి స్వయానా పెదనాన్న కొడుకు, కానీ అకాడమీలు వేరు, అంటే మన లెక్కలో దాయాదులు, ఇంక ఆ మంట ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పాయింట్లు లేవు, టైమ్ లిమిట్ లేదు, ఎవరో ఒకరు లొంగాల్సిందే, ఆ షరతు పెట్టింది కూడా రాయిస్ వైపు వాళ్లే. తీరా చూస్తే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు! రాయిస్ తాబేలులా ముడుచుకున్నాడు, వాలీద్ కాలర్ దొరకబుచ్చుకుని క్లాక్ చోక్ వేశాడు, రాయిస్ ట్యాప్ కొట్టలేదు (అంటే ఓడిపోయానని చేత్తో తట్టి చెప్పలేదు), అలాగే స్పృహ తప్పాడు.

క్లాక్ చోక్ అంటే పైనోడు మీ కాలర్ గట్టిగా పట్టుకుని గడియారం ముల్లులా మీ తల వైపుకి నడుచుకుంటూ వస్తాడు, వాడు అడుగేసే కొద్దీ మెడ చుట్టూ గీ (ఆటలో వేసుకునే మందపాటి కోటు) బిగుసుకుంటుంది. నాకోసారి పడింది. మోసం ఎక్కడుందంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, నొక్కుకునేది మెడ పక్కన రక్తనాళాలు, అందుకే ఇంకా టైముందిలే అనిపిస్తుంది, చెవుల్లో హోరు మొదలవుద్ది, ముక్కుకి తడిసిన గీ వాసన, అంతే, కళ్లు తెరిచేసరికి ఎవడో నా కాళ్లు పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, "ఎంతసేపు పడుకున్నా రా" అంటే ఐదు సెకన్లన్నారు. నాకైతే మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసినట్టుంది.

పగ అనలేం గానీ 2004 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆబ్సల్యూట్ (బరువుతో సంబంధం లేకుండా అందరూ ఆడే విభాగం) ఫైనల్ చెప్పకపోతే మనసొప్పదు. జకారే పాయింట్లలో ముందున్నాడు, రోజర్ గ్రేసీ ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి వంచే పట్టు) వేసి చెయ్యి విరిచేశాడు, జకారే ఆ చేతిని బెల్టులో దోపుకుని మిగతా టైమ్ నెట్టుకొచ్చి గెలిచేశాడు. మళ్లీ 2005లో ఏడీసీసీ (గీ లేకుండా ఆడే పెద్ద టోర్నీ) ఆబ్సల్యూట్ ఫైనల్లో అదే జకారేని రోజర్ వెనక నుంచి మెడ పట్టి లొంగదీశాడు, అసలు ఆ టోర్నీలో రోజర్ ఆడిన 8 మ్యాచ్‌లూ సబ్మిషన్‌తోనే, అంటే ఎదుటోణ్ణి లొంగదీసే గెలిచాడు, వన్ సైడ్ అంటే అదీ.

ఈ కాలం వాళ్లలో అయితే గోర్డన్ రయాన్, ఆండ్రే గల్వావో. 2021లో ఒక ఈవెంట్‌లో స్టేజ్ వెనక గోర్డన్ ఆయన్ని చెంపమీద కొట్టాడు, 2022లో లాస్ వేగస్ ఏడీసీసీలో వెనక ఎక్కి చోక్ చేశాడు, మధ్యలో ఏడాదిన్నర సోషల్ మీడియాలో తిట్టుకోవడమే. మ్యాచ్ కంటే ఆ తిట్లకే ఎక్కువ వ్యూస్ వచ్చుంటాయి.

ఇక వీటన్నిటికీ తాత 1951 అక్టోబర్ 23, మరకానా స్టేడియం. రాయిస్ వాళ్ల నాన్న ఎలియో గ్రేసీకీ, జపాన్ జూడో దిగ్గజం మసాహికో కిమురాకీ. దానికి ముందు నెలే కిమురాతో వచ్చిన ఇంకో జూడో ఆటగాడు కాటోని ఎలియో చోక్ చేసి పడుకోబెట్టాడు, దాంతో ఊరంతా ఊగిపోయింది, స్టేడియంకి శవపేటిక కూడా తెచ్చారని కిమురానే తర్వాత చెప్పుకున్నాడు. కానీ కిమురా చాలా బరువు ఎక్కువ, స్కిల్ కూడా వేరే లెవెల్, పిల్లోణ్ణి విసిరేసినట్టు విసిరాడు. రెండో రౌండ్లో చెయ్యి వెనక్కి మెలితిప్పాడు, విరిగింది, అయినా ఎలియో ట్యాప్ కొట్టడే! చివరికి అన్న కార్లోస్ టవల్ విసిరి ఆపాడు. ఆ లాక్‌కి గెలిచినోడి పేరే పెట్టుకున్నారు బ్రెజిల్ వాళ్లు, ఇప్పటికీ అందరూ కిమురా అనే అంటారు.

ఈ కథ చదివిన ఊపులో నేనూ ఓసారి హీరోయిజం చేశాలెండి. మా జిమ్‌లో ఒకడంటే నాకు పడదు, వాడు అదే కిమురా వేశాడు, వాడికి మాత్రం ట్యాప్ కొట్టేది లేదనుకున్నా. కుడి భుజంలో టక్‌మని, తడి కట్టె విరిచినట్టు సౌండ్. వాడి తప్పేం లేదు, వాడే భయపడి వదిలేశాడు, ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లింది కూడా వాడే, దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. రెండేళ్లైంది, ఇప్పటికీ ట్రైన్‌లో పై బెర్త్ మీదకి బ్యాగ్ ఎక్కించాలంటే ఎడం చెయ్యే వాడతా.