రేసు ఇంజనుకు విడిభాగాలు కొనే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

సికింద్రాబాద్

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సైలెన్సర్ నుంచి నీలి పొగ రావడం, ఆయిల్ మట్టం వారం వారం తగ్గడం కలిపి చూస్తే నీ యమహా ఆర్15 రెండో వెర్షన్ బండిలో పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, లేక రెండూనో అరిగిపోయి ఉంటాయి. రోడ్డు మీద తిరిగే బండి అయితే "పుత్లీబౌలిలో ఏ దుకాణంలో చవగ్గా దొరుకుతుంది మామయ్యా" అన్న నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకునేవాణ్ణి. నువ్వు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో కొత్తవాళ్ల స్టాక్ తరగతిలో, అంటే కంపెనీ ఇచ్చిన ఇంజనును మార్చకుండా నడిపే పోటీలో, దిగుతానంటున్నావు. అక్కడ ఇంజను బాగా నడిస్తే సరిపోదు. అందులోని ప్రతి భాగం ఏ నంబరుదో, ఎక్కడ కొన్నదో అడిగినప్పుడు కాగితం తీసి చూపించగలగాలి. అందుకని ముందు నిబంధనల పుస్తకం తెరువు, దుకాణం సంగతి ఆ తరువాత చూద్దాం.

మన దేశంలో ఈ పోటీలకు అనుమతినిచ్చేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా, అంటే ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ. సాంకేతిక నిబంధనలు ఒకచోట ఉంటాయి, ఆ పోటీకి ప్రత్యేకంగా ఇచ్చే అనుబంధ నిబంధనలు మరొకచోట ఉంటాయి, సీజను మధ్యలో సవరణల బులెటిన్లు వస్తాయి. చివరి బులెటిన్ నుంచి వెనక్కి చదువుకుంటూ వెళ్లు, ఎందుకంటే ముందు పేజీలో ఉన్న వెసులుబాటును వెనకొచ్చిన బులెటిన్ ఎత్తివేసి ఉండవచ్చు. నీ మోడల్ ఈ ఏడాది అర్హత జాబితాలో ఉందో లేదో చూసిన తరువాతే జేబులో చెయ్యి పెట్టు. స్టాక్ తరగతి నిబంధనలు చదివే పద్ధతి కూడా వేరు: చెయ్యవచ్చని రాసి ఉన్నదే చెయ్యాలి, ఏమీ రాయని చోట చెయ్యకూడదనే అర్థం. "ఎక్కడా వద్దనలేదు కదా సార్" అని స్క్రూటినీలో (పోటీ అధికారులు బండిని తనిఖీ చేసే చోట) వాదించిన కుర్రాళ్లను చాలామందిని చూశాను, ఆ వాదన నెగ్గడం మాత్రం చూడలేదు.

చదువుతున్నప్పుడు ఒక నోటుపుస్తకంలో ఇంజను భాగాలను మూడు రకాలుగా విడదీసుకో. కంపెనీ ఇచ్చినట్టే ఉండాల్సినవి కొన్ని, సమానమైన వేరే తయారీవి వాడుకోవడానికి వీలున్నవి కొన్ని, ఏది వాడినా అభ్యంతరం లేనివి కొన్ని. సాధారణంగా పిస్టన్, సిలిండర్, హెడ్, క్యామ్, వాల్వులు, క్రాంక్ మొదటి రకంలోకే వస్తాయి. స్పార్క్ ప్లగ్గు, ఇంజనాయిల్, క్లచ్ ప్లేట్ల వంటివి చాలా తరగతుల్లో మూడో రకంలో ఉంటాయి. మధ్య రకంలోనే తగాదాలన్నీ పుడతాయి కాబట్టి, అందులోకి వచ్చే ప్రతి భాగం గురించి నిర్వాహకులకు ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబును అచ్చు వేయించి దగ్గర పెట్టుకో. ఫోనులో విన్న మాట స్క్రూటినీ బల్ల దగ్గర పనికిరాదు.

ఇంజను సామర్థ్యం (సీసీ) విషయంలో కొత్తవాళ్లు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. నీ బండి బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 57 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 58.7 మిల్లీమీటర్లు, లెక్క కడితే 149.8 సీసీ వస్తుంది. బోర్‌ను అర మిల్లీమీటరు పెంచితే 152.4 సీసీ అవుతుంది. తరగతి పరిమితి 165 సీసీ కదా, ఇంకా బోలెడంత జాగా ఉందని అనుకోవద్దు. 165 అనేది ఆ తరగతిలోకి రాగల మోడళ్లకు పెట్టిన హద్దు. స్టాక్ నిబంధన ప్రకారం నీ మోడల్‌కు కంపెనీ ప్రకటించిన బోర్ దాటితే, పరిమితికి ఎంత లోపల ఉన్నా అనర్హతే. నిబంధనలు ఓవర్‌సైజును (బోర్ పెంచి పెద్ద పిస్టన్ వెయ్యడాన్ని) స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఆ ఆలోచన మానుకో.

పైగా నీ బండికి ఓవర్‌సైజు అసలు కుదరదు. స్ప్లెండర్ వంటి బండికి సిలిండర్ లోపల ఇనుప లైనర్ (గొట్టం) ఉంటుంది, లేత్ దగ్గరికి తీసుకెళ్తే బోరింగ్ చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. నీ సిలిండర్ యమహా వాళ్లు డయాసిల్ అని పిలిచే రకం; సుమారు 20 శాతం సిలికాన్ కలిసిన అల్యూమినియంతో పోతపోసినది, లోపల లైనర్ లేదు, పూత కూడా లేదు. పిస్టన్ రుద్దుకునే గోడ ఆ గట్టి సిలికాన్ కణాలే. మామూలు బోరింగ్ పనిముట్టు పెడితే ఆ పొర చెడిపోతుంది, ఆ తరువాత ఎంత మంచి పిస్టన్ వేసినా కొద్ది రోజుల్లోనే గీతలు పడతాయి. "లైనర్ కొట్టించేద్దాం అన్నా, ఫస్ట్ క్లాస్‌గా నడుస్తుంది" అని ఎవరైనా అంటే, రోడ్డు బండికి ఆ మాట కొంత నిజమే కావచ్చు గానీ నీకు మాత్రం అది తరగతిలోంచి బయటికి వెళ్లే దారి. గోడ మీద గోటికి తగిలే గీత ఉంటే సిలిండర్‌నూ పిస్టన్‌నూ కలిపి మార్చాలి. గీత లేకుండా, కొలత సర్వీస్ మాన్యువల్ హద్దులో ఉంటే రింగులతో సరిపెట్టవచ్చు.

ఇక పార్ట్ నంబరు. మొత్తం వ్యవహారంలో నువ్వు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. యమహా నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. నడుమ ఉన్న అయిదు గుర్తులు అది ఏ భాగమో చెబుతాయి (కొన్ని మోడళ్లలో మొదటి 1 బదులు E ఉంటుంది): 11631 అంటే పిస్టన్, 12111 ఇన్‌టేక్ వాల్వ్, 12121 ఎగ్జాస్ట్ వాల్వ్, 11181 హెడ్ గాస్కెట్, 12171 క్యామ్ షాఫ్ట్. ముందున్న మూడు అక్షరాలో అంకెలో ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం తయారు చేశారో చెబుతాయి. చివరి రెండు అంకెలు సవరణను సూచిస్తాయి. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఆర్15 క్యామే అన్నా" అని ఇచ్చేదానిలో నడిమి అంకెలు సరిపోయి, ముందు మూడూ వేరే మోడల్‌వి అయితే, కంటికి అచ్చం ఒకేలా కనిపించినా దాని ముక్కు (వాల్వును నొక్కే భాగం) ఎత్తు వేరుగా ఉండవచ్చు. తనిఖీ అధికారి డయల్ గేజ్ పెట్టి లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) కొలిస్తే నిమిషాల్లో బయటపడుతుంది. 2018లో వచ్చిన మూడో వెర్షన్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. దాని బోర్ 58 మిల్లీమీటర్లు, 155 సీసీ, క్యామ్ ఏర్పాటు కూడా వేరు. పేరు కలిసినంత మాత్రాన సామాను కలవదు.

చివరి రెండు అంకెలు మాత్రమే మారితే కంగారు పడనక్కర్లేదు. కంపెనీ పాత నంబరును ఆపి కొత్తది ఇచ్చిందన్నమాట. అయితే పాత నంబరు స్థానంలో కొత్తది వచ్చినట్టు డీలర్ కంప్యూటర్‌లో కనిపించే పేజీని అచ్చు తీసి ఇమ్మని అడుగు. ఇలా అడగడానికి చాలామంది మొహమాటపడతారు. నువ్వు పడకు.

కొనడం ఎక్కడన్నది ఇప్పుడు చెబుతాను. మొదటి రకం భాగాలన్నీ అధీకృత డీలర్ స్పేర్స్ కౌంటర్‌లోనే, నీ పేరు మీద, పార్ట్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లుతో కొను. పాత మోడల్ సామాను చాలాసార్లు డిపో నుంచి తెప్పించాల్సి వస్తుంది, కాబట్టి పోటీకి వారం ముందు పరుగెత్తితే పని జరగదు. పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు, డూప్లికేట్ డబ్బాలూ ఉన్నాయి. డబ్బా మీద తయారీదారు పేరు, తయారైన నెల, ఏడాది, గరిష్ఠ చిల్లర ధర ఉండాలన్నది చట్టం. ఆ అచ్చు మసకగా ఉన్నా, నంబరు స్టిక్కర్ మీద మరో స్టిక్కర్ అంటించి ఉన్నా మారు మాట్లాడకుండా తిరిగివచ్చేయి. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బోల్టులకు రాణీగంజ్ మంచి చోటు, కాకపోతే నిబంధనల్లో వాటికి సమానమైనవి వాడవచ్చని ఉంటేనే సుమా.

ఒక మాట నీకు తప్పక వినిపిస్తుంది: "కంపెనీకి వాల్వులు సప్లై చేసేది వీళ్లే, అదే మాలు, డబ్బా మాత్రమే వేరు." అది నిజమే అయినా కూడా స్టాక్ నిబంధన వాహన కంపెనీ నంబరున్న భాగాన్నే అడుగుతున్నప్పుడు నీ చేతిలోని వేరే డబ్బా దాన్ని రుజువు చెయ్యదు. సరఫరాదారు బయటి మార్కెట్‌కు ఇచ్చే భాగం కొలతల్లోనో, లోహంలోనో కాస్త తేడాగా ఉండవచ్చు కూడా. నాణ్యత ఎంత బాగున్నా నిబంధన దాన్ని లెక్కలోకి తీసుకోదు.

పాత సామాను పూర్తిగా వద్దని నేను అనను. పిస్టన్, రింగులు, వాల్వ్ స్ప్రింగులు మాత్రం పాతవి ముట్టుకోవద్దు. హెడ్ కొత్తది దొరక్కపోతే బోలక్‌పూర్ వైపు తుక్కులో వెతకవచ్చు గానీ, టార్చి వేసి పోర్టుల లోపల బాగా చూడు. కంపెనీ పోతలోని గరుకుదనం ఉండాలి. లోపల నున్నగా మెరుస్తుంటే ఎవరో ముందటి యజమాని పాలిష్ చేయించాడన్నమాట. చేసింది నువ్వు కాకపోయినా శిక్ష నీకే పడుతుంది. క్రాంక్ కేసు పాతది కొనాల్సి వస్తే దాని మీద ఇంజను నంబరు ఉంటుంది, పాత బండి కాగితాలు లేకుండా తీసుకుంటే అది రేసు సమస్య కాస్తా పోలీసు సమస్య అవుతుంది.

హెడ్ వంకరపోయిందని లేత్ వాడు "కొంచెం ఫేసింగ్ చేద్దాం" (అడుగు భాగాన్ని కాస్త చెక్కి చదును చేద్దాం) అంటే కూడా ఆగాలి. నీ ఇంజను కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లోని మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందన్న లెక్క, 10.4. ఆ లెక్కన పిస్టన్ పైకి వచ్చాక దాని పైన మిగిలే ఖాళీ సుమారు 15.9 సీసీ మాత్రమే. హెడ్ నుంచి 0.2 మిల్లీమీటరు తీస్తే నిష్పత్తి దాదాపు 10.7కు చేరుతుంది. స్క్రూటినీలో బ్యూరెట్‌తో నూనె పోసి ఆ ఖాళీని కొలుస్తారు, పలచని గాస్కెట్ వేసినా అక్కడే దొరికిపోతుంది.

కొన్న భాగాలను బిగించే ముందు నువ్వే కొలిచి రాసి పెట్టుకో. సిలిండర్‌ను మూడు లోతుల్లో, ప్రతి లోతులో రెండు దిక్కులుగా బోర్ గేజ్‌తో చూడాలి. కొలతలకు ప్రామాణికమైన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 57 మిల్లీమీటర్ల అల్యూమినియం 0.02 మిల్లీమీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది, నువ్వు వెతుకుతున్న తేడా కూడా దాదాపు అంతే. అందుకని సిలిండర్, పిస్టన్, మైక్రోమీటర్ అన్నీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి తెల్లవారుజామున కొలువు. మైక్రోమీటర్ మీద అనుమానం ఉంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో కాలిబ్రేషన్ చేస్తారు.

ఒక సెట్టు బదులు రెండు సెట్లు గాస్కెట్లు కొను. పోటీ అయ్యాక ముందు వరుసలో నిలిచిన బండ్లను పార్క్ ఫెర్మేలోనే (అనుమతి లేకుండా ఎవరూ బండిని ముట్టుకోకూడని ఆవరణలో) ఆపి ఇంజను విప్పిస్తారు. నీది సక్రమంగానే ఉందని తేలినా, కొత్త గాస్కెట్ లేకపోతే మరునాటి రేసుకు బండి కట్టలేవు. నీ తరగతిలో ఇంజనుకు సీలు వేసే పద్ధతి ఉంటే, అధికారి అనుమతి రాయించుకోకుండా ఒక్క బోల్టు కూడా తిప్పవద్దు.

ఇప్పటికి ఇంజను విప్పకు. ముందుగా నిబంధనల ప్రతి, చివరి బులెటిన్, ఇంజను నంబరు ఫోటో పంపించు. వాటిని చూసి ఏ ఏ నంబర్లు ఆర్డరు పెట్టాలో రాసి పంపుతాను. వరంగల్ నుంచి బండిని ట్రాలీలో వేసుకుని వచ్చేటప్పుడు ఆర్‌సీ అసలు కాగితం కూడా తీసుకురా. విప్పే పని మన షెడ్డులోనే, నా కళ్ల ముందే పెట్టుకుందాం. తీసిన పాత పిస్టన్, రింగులు పారెయ్యకుండా కొత్త వాటి బిల్లులతో పాటు ఒకే డబ్బాలో పెట్టి చెన్నైకి వెంట తీసుకెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య