రక్షణ పొందేవారిని దేవుడే ముందుగా ఏర్పరచుకుంటే, మనం నమ్మడం ఎందుకు?

రక్షణకు మొదటి అడుగు దేవుని కృపదే అని దాదాపు అన్ని సంఘాలూ ఒప్పుకుంటాయి. ఆ కృపను మనిషి కాదనగలడా అన్న దగ్గరే తేడా.

పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు తెలుగు కుటుంబాల్లో బాప్టిస్టులూ ఉన్నారు, లూథరన్లూ ఉన్నారు. అందుకే ఈ సందేహం తరచూ వస్తుంది. సంస్కర్త జాన్ కాల్విన్ బోధను అనుసరించే కాల్విన్ వర్గం లెక్కలో దేవుడు ఏర్పరచుకున్నవాడు తప్పక నమ్ముతాడు. డచ్ వేదాంతి ఆర్మీనియస్‌ను అనుసరించే వర్గం లెక్కలో కృప అందరికీ అందుతుంది, తోసిపుచ్చేవాళ్లూ ఉంటారు. నెదర్లాండ్స్‌లో 1618-19లో డోర్ట్‌లో జరిగిన సంఘ పెద్దల సభ కాల్విన్ వర్గం పక్షాన తీర్పు చెప్పింది, వాదం మాత్రం ఆగలేదు. లూథరన్లది వేరే దారి: దేవుడు రక్షణకు ముందుగా ఏర్పరచుకుంటాడు, నాశనానికి మాత్రం ఎవరినీ ఏర్పరచడు.

అపొస్తలుల కార్యములు 16లో లూదియ సంగతి చూడండి. ఊదారంగు పొడి అమ్మే ఈమె ఫిలిప్పీలో నది ఒడ్డున పౌలు మాటలు వింటోంది. "ప్రభువు ఆమె హృదయము తెరచెను" అని ఉంది. తెరిచింది ప్రభువే కదా అంటారు కాల్విన్ వర్గం వాళ్లు. అప్పటికే భక్తితో వింటున్నది ఆమే కదా అంటారు ఆర్మీనియస్ వర్గం వాళ్లు. వాక్యం ఒక్కటే!

ఏర్పాటును నమ్మితే సువార్త అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఒడియాలో కొత్త నిబంధన అచ్చు వేయించిన మిషనరీ విలియం కేరీ కాల్విన్ వర్గపు బాప్టిస్టే. అలాగే, మనిషి సొంత బలంతో దేవుని వైపు తిరగగలడని ఆర్మీనియస్ ఎన్నడూ చెప్పలేదు.