మార్ఖా లోయకు గైడ్ అవసరమా? తప్పకుండా, అదీ ఆ లోయ మనిషే

“లద్దాఖ్‌లోని మార్ఖా లోయ ట్రెక్‌లో దారి స్పష్టంగానే ఉంటుందట, ఊరూరా హోంస్టేలు కూడా ఉన్నాయట. అలాంటప్పుడు గైడ్‌కు వేరుగా డబ్బు పెట్టడం ఎందుకు? మనవాళ్లు తినగలిగే భోజనం దొరుకుతుందా?” అని అడిగారు. దారి గురించి మీరు విన్నది నిజమే. చిలింగ్ దగ్గర జంస్కార్ నదిని దాటి స్క్యూ గ్రామం చేరాక, మార్ఖా నదిని పట్టుకుని పైకి నడిస్తే మార్ఖా, హంకర్ గ్రామాలు వరుసగా వస్తాయి. ఆపైన నిమాలింగ్ పచ్చిక బయలు, దానికి పైన సుమారు 5,200 మీటర్ల ఎత్తున కొంగ్మారు లా కనుమ, కనుమ అవతల షాంగ్ సుమ్దో వైపు దిగుడు ఉంటాయి. వేసవిలో ఈ దారి తప్పడం కష్టం. అయినా గైడ్‌ను తీసుకోవలసిందేనని, అదీ ఆ లోయ గ్రామాలలో పుట్టి పెరిగిన మనిషినే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. దారి చూపడం అతని పనిలో చాలా చిన్న భాగం.

మేము హంకర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అది ఆగస్టు చివర, బార్లీ కోతల కాలం. మాకు కేటాయించిన ఇంటికి తాళం వేసి ఉంది. ఇంటిల్లిపాదీ పొలంలో ఉన్నారు. దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిలో ఏడాదికి పండేది ఒక్క పంటే కాబట్టి, కోత రోజున అతిథుల కోసం ఇంటి దగ్గర ఎదురుచూస్తూ కూర్చునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మా గైడ్ అదే లోయలో దిగువ ఊరి యువకుడు. వీపు మీది బరువు దించి, గట్టు దిగి పొలంలోకి వెళ్లి, ఆ ఇంటి పెద్దావిడను “జూలే, ఆమా-లే” (నమస్తే, అమ్మా) అని పలకరించి, అక్కడే ఉన్న కొడవలి అందుకుని ఆమె పక్క సాలులో కోత మొదలుపెట్టాడు. మేము కట్టిన మోపులను కళ్లం దాకా మోశాము. ఎండ కొండ చాటుకు పోయాక ఆమె చేతులు దులుపుకుని, నడుముకు కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసింది. ఆ సాయంత్రం మమ్మల్ని ఆ ఇంటివారు డబ్బు కట్టి వచ్చిన వాళ్లుగా చూడలేదు. ఆ తేడా గైడ్ వల్ల వచ్చింది.

లద్దాఖీ ఇంటికి వంటగదే నడిబొడ్డు. మధ్యలో ఇనుప పొయ్యి, గోడ పొడవునా చెక్క అరలలో తళతళలాడే రాగి, ఇత్తడి పాత్రలు, కింద పరిచిన కంబళ్లు, వాటి ముందు ఎత్తు తక్కువ బల్లలు ఉంటాయి. ఆమె గోధుమపిండి ముద్దలోంచి చిన్న చిన్న ఉండలు తుంచి, ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కి గుంట చేస్తూ, బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్ ముక్కలు ఉడుకుతున్న గిన్నెలో వేసింది. ఆ వంటకాన్ని, దారిలోని ఊరి పేరులాగే, స్క్యూ అంటారు. పులుసు చిక్కబడేదాకా ఉడికి, పిండి గుంటల నిండా రసం పట్టి, చలిలో నడిచి వచ్చినవారికి ఒంట్లో ప్రాణం పోస్తుంది.

అందరూ రెండోసారి పెట్టించుకుంటుంటే నా స్నేహితుడు మాత్రం పళ్లెంలో సగం వదిలేశాడు. తనకు తలనొప్పిగా ఉన్నట్టు అతడు మాలో ఎవరికీ చెప్పలేదు. పక్కనే కూర్చున్న నేను కూడా గమనించలేదు. గైడ్ గమనించాడు. పెద్దగా మాట్లాడకుండా అతని పక్కకు వచ్చి కూర్చుని, నిన్న రాత్రి నిద్ర పట్టిందా, వికారంగా ఉందా, తల ఏ వైపు నొప్పిగా ఉంది అని ఒక్కొక్కటే అడిగాడు. తరువాత మా అందరితో, రేపు నిమాలింగ్‌కు వెళ్లడం లేదని, ఇంకొక రాత్రి ఇక్కడే ఉంటున్నామని చెప్పాడు. స్నేహితుడు వాదించాడు. తిరుగు విమానం టికెట్ ఉందన్నాడు, ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుందన్నాడు. గైడ్ మాట మార్చలేదు. రాత్రి తలనొప్పి పెరిగినా, నడక తూలినా వెంటనే కిందికి దింపడానికి పొరుగింటివారి గుర్రాన్ని కూడా మాట్లాడి ఉంచాడు.

ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క తెలుసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. హంకర్ నుంచి నిమాలింగ్‌కు ఒక్క రోజులో ఎక్కితే నిద్రపోయే ఎత్తు సుమారు 800 మీటర్లు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికే అది ఎక్కువ. తలనొప్పి, వికారం మొదలైనవారు ఇంకా పైకి వెళ్తే మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. మర్నాడు ఉదయం గైడ్ నా స్నేహితుడిని ఊరి పైనున్న పాత కోట శిథిలాల దాకా నెమ్మదిగా నడిపించి, మళ్లీ కిందికి తీసుకువచ్చాడు. సాయంత్రానికి తలనొప్పి తగ్గింది, రాత్రి అన్నం సరిగా తిన్నాడు. ఆ తరువాత కూడా నేరుగా నిమాలింగ్‌కు పోకుండా మధ్యలో తాచుంగ్‌త్సే దగ్గర ఒక రాత్రి ఆగి, అందరమూ కనుమ దాటాము. సముద్రమట్టంతో పోలిస్తే గాలిలో ఆక్సిజన్ సుమారు సగమే అందే చోట అతడు నా పక్కన నిలబడి మాట్లాడుతున్నాడంటే, ఆ పూట పళ్లెం వైపు చూసిన మనిషి ఉండబట్టే.

ఇంకొక రాత్రి ఉండటం చెప్పినంత సులువు కాదు. ఈ లోయలో హోంస్టేలు వంతుల పద్ధతిలో నడుస్తాయి; అతిథులు ఒక ఇంటి తరువాత ఇంకొక ఇంటికి వెళ్తారు. మేము అదే ఇంట్లో ఉండిపోతే పక్క ఇంటివారి వంతు చెడుతుంది. గైడ్ ఆ ఇంటికి వెళ్లి మాట్లాడి, మాలో ఇద్దరిని అక్కడ పడుకునేలా ఏర్పాటు చేసి, ఎవరికీ నష్టం లేకుండా చూశాడు. బయటి ఊరి నుంచి వచ్చిన గైడ్‌కు ఇళ్ల మధ్య ఉండే ఈ మర్యాద తెలియదు, తెలిసినా అతని మాట చెల్లదు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు నుంచి విమానంలో వచ్చి, 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగిన మర్నాడే నడక మొదలుపెట్టే ప్యాకేజీలను మనవాళ్లు తెగ కొంటున్నారు. మా బంధువుల అబ్బాయి వెళ్లిన ఒక సంస్థవారు గుడారాలు ముందే మాట్లాడేశామని చెప్పి, వాంతులు చేసుకుంటున్న వ్యక్తిని కూడా నిమాలింగ్‌కు నడిపించారట. సెలవులు తక్కువ, తేదీలు మారవు, అందరూ కలిసి ఎక్కాలి అన్న పద్ధతి కొండకు పనికిరాదు. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కగలిగేవారు కూడా ఎత్తు జబ్బు ముందు మామూలు మనుషులే. కాళ్ల బలానికీ దానికీ సంబంధం లేదు. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు కదలకుండా ఉండండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయలుదేరే ముందే మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారు ఈ మాట ఆయనకు తప్పక చెప్పాలి.

హోంస్టేలు అక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే వాటిలో ఎలా మసలుకోవాలో కూడా తెలుస్తుంది. ఈ లోయ 1981లో ఏర్పడిన హెమిస్ నేషనల్ పార్క్ పరిధిలో ఉంది. మంచు చిరుతలకు పేరుపడిన ప్రాంతం. గొర్రెల దొడ్డిలోకి దూకిన మంచు చిరుత ఒకదానితో ఆగదు, బెదిరి పరుగెత్తే మందలో దొరికినన్నింటిని చంపుతుంది. ఒక్క రాత్రిలో ఏడాది ఆదాయం పోగొట్టుకున్న కుటుంబం ఆ జంతువును చంపాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రించెన్ వాంగ్‌చుక్ నడిపిన స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ సంస్థ 2000 దశకం తొలి సంవత్సరాలలో రుంబక్ మొదలైన గ్రామాలవారితో కూర్చుని మాట్లాడి, దొడ్లకు పైన వలలు, గట్టి తలుపులు బిగించడంతో పాటు ఇళ్లలో అతిథులను ఉంచుకునే పద్ధతికి దారి వేసింది. చిరుతను చూడాలని, అది తిరిగే కొండలలో నడవాలని వచ్చేవారు ఇచ్చే డబ్బు నేరుగా ఇంటావిడ చేతికి అందడంతో, చిరుత బతికి ఉంటేనే ఊరికి లాభమన్న ఆలోచన నిలబడింది. అందుకే హోంస్టే రేటు దగ్గర బేరమాడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. లేహ్ హోటల్‌లో అడిగినంతా ఇచ్చి, కట్టెలూ నీళ్లూ మోసి వండిపెట్టే మనిషి దగ్గర వంద రూపాయలు తగ్గించమనడం న్యాయం కాదు.

భోజనం గురించి మీకు బెంగ అక్కరలేదు. ట్రెక్కర్లు అడుగుతారని దాదాపు ప్రతి ఇంట్లో అన్నం, పప్పు వండుతారు. శాకాహారులకూ ఇబ్బంది ఉండదు, ముందుగా చెబితే చాలు. కాకపోతే ఆ బియ్యం లేహ్ నుంచి మోసుకువచ్చింది. బార్లీ, బఠాణీ, టర్నిప్ వాళ్ల పొలంలో పండినవి. మీరు స్క్యూ, థుక్పా అనే నూడుల్స్ పులుసు, ఖంబీర్ రొట్టె అడిగితే ఇంటావిడ ముఖం వెలిగిపోతుంది. వెన్న, ఉప్పు వేసి చిలికిన గుర్‌గుర్ చా మొదటి గుక్కలో వింతగా ఉన్నా, పొడి గాలిలో నడిచే శరీరానికి అది ఎంత హితమో రెండో రోజుకు తెలుస్తుంది. కారం లేకపోతే ముద్ద దిగదనుకునేవారు ఒక చిన్న డబ్బాలో కందిపొడి తీసుకువెళ్లవచ్చు. మా ఆమా-లే దానిని రొట్టె మీద చల్లుకుని తిని ఇంకొంచెం పెట్టమంది.

మరుగుదొడ్డి సంగతి మనవాళ్లు ఎవరూ రాయరు, నేను రాస్తాను. అక్కడివి నీళ్లు లేని పొడి దొడ్లు. పై అంతస్తు నేలలో పొడవాటి కంత ఉంటుంది, పక్కన మట్టి కుప్ప, పార ఉంటాయి. పని అయ్యాక రెండు పారల మట్టి కిందికి తోయాలి. కింది గదిలో చేరినదంతా మాగి ఎరువై వసంతంలో బార్లీ పొలాలకు వెళ్తుంది. మనకు నీళ్లు అలవాటు కాబట్టి చెంబుతో లోపలికి వెళ్లి కంతలో పోసేస్తే, ఆ ఎరువు కుళ్లి కంపు కొడుతుంది, ఏడాది శ్రమ పాడవుతుంది. కాగితంతో తుడుచుకుని, దానిని విడిగా సంచిలో పెట్టుకుని లేహ్‌కు తీసుకుపోవడం మేలు. నీటి విషయంలో లద్దాఖ్ గ్రామాలు ఎంత పట్టుదలగా ఉంటాయంటే, ట్రెక్కర్ల తాకిడికి తమ నీటి వనరులు దెబ్బతింటున్నాయని లేహ్ దగ్గరి స్టోక్ గ్రామస్థులు పట్టుబట్టడంతో స్టోక్ కాంగ్రి శిఖరారోహణ 2020లో ఆగిపోయింది.

ఇటీవల వాహనాల దారి స్క్యూ మీదుగా లోయలోకి పాకింది. దుమ్ములో నడవడం ఇష్టం లేకపోతే జింగ్‌చెన్ నుంచి రుంబక్, యురుత్సే మీదుగా గండా లా దాటి స్క్యూకు దిగే పాత దారిని అడగండి. ఒక్క ఇల్లే ఉన్న యురుత్సేలో రాత్రి ఉండవచ్చు. మంచు కరిగిన నీటితో మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి కాబట్టి గైడ్ తెల్లవారకముందే లేపితే విసుక్కోవద్దు. గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు అతడిది ఏ ఊరు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఒక రోజు ఆపే అధికారం అతనికి ఉందా, ఇంటావిడకు డబ్బు ఎవరు ఎప్పుడు ఇస్తారు అన్నవి ముందే అడగండి. డబ్బు ఇంటివారికి మీ చేతితోనే ఇచ్చే ఏర్పాటు అయితే ఇంకా మంచిది. లోయలో ఏటీఎం లేదు. లేహ్‌లోనే చిల్లర నోట్లు తీసుకుని బయలుదేరండి.