పాత సఫారీకి చాసిస్ బ్రేసింగ్ వేయిస్తే మలుపుల్లో ఒరగడం తగ్గుతుందా?

2008 సఫారీ డైకార్, దుర్గమ్మ ఫ్లైఓవర్ వంపులో పక్కకి ఒరుగుతోంది, ఆటోనగర్లో స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు పక్కల సస్పెన్షన్ పైకొసల్ని కలిపే కడ్డీ), కింద క్రాస్ బ్రేస్ (చాసిస్ రెండు పక్కల్నీ కలిపే కడ్డీ) కలిపి వేస్తామంటున్నారు, వేయించనా అని కదా మీరు అడిగింది?

స్ట్రట్ బార్ వద్దే వద్దు. అది డస్టర్ లాంటి మెక్‌ఫర్సన్ స్ట్రట్ బండ్లకి, అంటే షాక్ అబ్జార్బర్ పైకొస బానెట్ కింద రేకుకే బిగించి ఉండేవాటికి. సఫారీలో ముందు చక్రాలకి డబుల్ విష్‌బోన్ (పైనొకటి, కిందొకటి ఆర్మ్), టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ). బరువంతా లాడర్ చాసిస్ (కింద నిచ్చెనలా ఉండే ఇనుప చట్రం) మోస్తుంది, బానెట్ కింద రేకు కాదు. ఎర్ర కడ్డీ బిగిస్తే బానెట్ ఎత్తినప్పుడు నలుగురూ చూస్తారు, అంతవరకే.

ఇక ఒరగడం వేరు, చాసిస్ మెలితిరగడం వేరు. ఒరుగుతోందంటే మొదట స్టెబిలైజర్ బార్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు, లింకులు, షాక్ అబ్జార్బర్లు చూడాలి. ఆ తర్వాత అందరూ వదిలేసేది, బాడీ మౌంట్లు. బండిని చదునైన చోట ఆపి, బాడీకీ చాసిస్‌కీ మధ్య రబ్బరు దగ్గర పొడుగు లివర్ పెట్టి మెల్లగా ఎత్తండి. మంచి రబ్బరు కాస్త లొంగి మళ్ళీ సర్దుకుంటుంది. చచ్చిన రబ్బరు చుట్టూ నెర్రెలు, అంచున నల్లటి పొడి, పైన వాషరు వేలితో తిప్పితే తిరిగేస్తుంది. మన బెజవాడ ఎండకి ఇన్నేళ్ళు కాలిన రబ్బరు ఇంకెలా ఉంటుంది! ఇవి మార్చకుండా కింద ఎన్ని కడ్డీలు వేసినా పైన బాడీ దాని దారిన అది ఊగుతుంది.

టైరు మీద తేదీ కూడా చూడండి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారీ. పంక్చర్ షాపుల్లో అడక్కుండానే గాలి ఎక్కువ కొట్టేస్తారు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద అంకె చూపించి పట్టించుకోండి. ముందు భాగం ఎత్తుగా కనబడాలని ఎవరైనా టార్షన్ బార్ బోల్టులు బిగించి ఉంటే వెనక్కి తిప్పించండి. అలా ఎత్తితే చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుంది, రెండు పక్కలా ఎత్తు సమానంగా లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా గతుకుల్లో స్టీరింగ్ తేలిపోతున్నట్టుంటే, అప్పుడు కింద బ్రేస్. ఉన్న బోల్టు రంధ్రాలకే తగలాలి. ప్లేటు మందం ఎంతో బోల్టు అంత పొడుగు పెరగాలి, నట్టు దాటి రెండు మూడు మరలు బయటికి కనబడాలి. పాత బోల్టు తల మీద 10.9 (బోల్టు బలం చెప్పే అంకె) ఉంటే కొత్తదీ 10.9 ఉండాల్సిందే. ఆయిల్ డ్రెయిన్ నట్టుకి అడ్డం రాకూడదు. చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. ఒక మూల జాకీ మీద ఉండగా బిగిస్తే ఆ మెలిక అలాగే ఉండిపోతుంది. 500 కిలోమీటర్లకి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) మళ్ళీ చూడాలి. సస్పెన్షన్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి ఉంటే వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

"వెల్డింగ్ పెట్టేస్తాం సార్, గట్టిగా ఉంటుంది" అంటారు. ఒప్పుకోకండి. చాసిస్ అంచుకి అడ్డంగా వెల్డింగ్ పెడితే అది ఆగిన చోటే పగులు మొదలవుతుంది.